వానాకాలం గోవా: రేవులు, రొట్టెలు, చవితి సంత

ఆగస్టులో గోవా వెళ్తున్నామని చెప్తే ఆఫీసులో అందరూ జాలిపడ్డారు. సముద్రంలో దిగనివ్వరు, ఒడ్డున పాకలన్నీ పీకేసి ఉంటాయి, పొద్దస్తమానం వాన అన్నారు. మూడూ నిజమే. కానీ మాకు కావలసింది సముద్రం కాదు. అత్తయ్యకి గుళ్లు కావాలి, మా ఆయనకి చేపలు కావాలి, నాకు ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోవడానికి ఒక పచ్చటి ఊరు కావాలి.

మ్యాపు ముందేసుకుంటే పని తేలికైపోయింది. గోవా మొత్తం కలిపి 3,702 చదరపు కిలోమీటర్లు. మా పాత తూర్పు గోదావరి జిల్లాలో మూడో వంతుకి ఓ పిసరు ఎక్కువ. ఊరూరా గది మార్చుకుంటూ తిరగక్కర్లేదని, ఒకచోట దిగి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దామని అనుకున్నాం. మాపుసాకి దగ్గర్లో ఆల్డోనా అనే ఊళ్లో ఒక పాత ఇంట్లో గది దొరికింది. డిసెంబరులో ఐదు వేలు పలికే గది వానాకాలం కాబట్టి రోజుకి 2,200. తేదీలు మాత్రం లెక్క చూసుకునే పెట్టుకున్నాం. జూన్, జులై నెలల్లో ఉండే చేపల వేట నిషేధం అయిపోయింది. వినాయక చవితికి ముందు వారం కాబట్టి సంతలు కళకళలాడుతుంటాయి. చవితి నాటికి మాత్రం బయటపడాలి. ఆ రోజుల్లో హిందువులంతా సొంతూరి ఇంటికి చేరిపోతారు, హోటళ్లలో వండేవాళ్లే ఉండరు.

ఆగస్టు 22, శుక్రవారం: మాపుసా సంత

శుక్రవారం మాపుసాలో వారపు సంత. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు పొద్దున్నే బస్సుల్లో దిగి, నేల మీద గోనె పరుచుకుని కూర్చుంటారు. మోయిరా అరటికాయలు చేతి మణికట్టంత లావు. బెండకాయలు మూరెడు పొడవున, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. వాటికి ఏడు పలకలుంటాయంటే అత్తయ్య నమ్మలేదు, కట్టలోంచి ఒకటి లాగి వేలితో లెక్కపెట్టింది. ఏడే. కట్ట 60 రూపాయలు, విడిగా ఇవ్వరు. తగిరిసాకు కూడా కుప్పలు పోసి అమ్ముతున్నారు. మా ఊళ్లో ఎవరూ కొనరు, చెరువు గట్టున వద్దన్నా మొలుస్తుంది. ఇక్కడ వానాకాలంలో కొబ్బరి కోరు వేసి కూర వండుకుంటారట.

పక్క వరసలో ఎర్రటి సాసేజీలు దండలు గుచ్చి వేలాడదీశారు. వెనిగర్, మిరపకాయల ఘాటు ముక్కుకి కొట్టగానే, శ్రావణ శుక్రవారం కదా, అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. మా ఆయనకీ కాళ్లు ఆగిపోయాయి, ఇంకో కారణానికి. "ఏమండీ, నెల దాటనివ్వండి," అన్నాను. "ఒక్క రోజేగా ఉంది," అన్నాడు గానీ ఆగాడు. ఆ మాటకొస్తే ఇక్కడి హిందువులు కూడా చాలామంది శ్రావణంలో చేప ముట్టరు. సంత పక్కనున్న చిన్న హోటల్లో శాకాహారం బల్లల దగ్గరే రద్దీ. ముగ్గురం బఠాణీల పాతళ్ భాజీ, పావ్, మిరపకాయ బజ్జీలు తిని టీలు తాగితే 230 అయింది.

ఆల్డోనా చేరేసరికి ఒంటిగంటన్నర. ఊరు నిద్రపోతోంది. మాటవరసకి కాదు, నిజంగానే. కొట్టు తలుపు సగం వేసుంది, లోపల కొట్టాయన బల్ల మీద పడుకుని గురక పెడుతున్నాడు. ఒక అగ్గిపెట్టె కోసం నాలుగింటిదాకా ఆగాం. గోవాలో ఏ పని పెట్టుకున్నా ఒంటిగంటకి ముందో, నాలుగు తర్వాతో పెట్టుకోవాలి. మధ్యలో కుక్కలు కూడా లేవవు.

మేం దిగిన ఇంటికి ముందు ఎత్తైన అరుగుంది. రెండు పక్కలా సిమెంటు బెంచీలు, పైన పెంకుల చూరు. బల్కావ్ అంటారు దాన్ని. ఇంటావిడకి డెబ్భై దాటుంటాయి. అందరూ ఆంటీ అంటారు, మేమూ అదే అన్నాం. కిటికీలకి గాజు బదులు పల్చటి ఆల్చిప్పలు చతురస్రాలుగా కోసి చెక్క చట్రాల్లో బిగించి ఉన్నాయి. వెలుతురు పాల రంగులో లోపలికొస్తుంది, బయటివాళ్లకి మాత్రం లోపలేమీ కనపడదు. "ఒకటి పగిలితే ఇప్పుడు అతికేవాడు లేడు," అంది ఆంటీ. పగిలిన గడిలో ప్లాస్టిక్ ముక్క పెట్టుకుంది.

సాయంత్రం ఐదున్నరకి రోడ్డు మీద బూర హారన్ మోగింది. రొట్టెలబ్బాయి. పోదేర్ అంటారు. సైకిలు వెనక పెద్ద వెదురు బుట్ట, దాని మీద నీలం ప్లాస్టిక్ పట్టా. తెల్లారి ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాడు. పట్టా ఎత్తగానే వేడి ఆవిరి. గుండ్రంగా, పైన తవుడు అద్దుకుని, లోపల డొల్లగా ఉండేది పొయ్యి. గాజులా చుట్టి కరకరలాడేది కాంకణ్. ఏది తీసుకున్నా ఐదు రూపాయలు. పొయ్యిని చేత్తో చించితే సంచిలా తెరుచుకుంటుంది, అందులో కూర కుక్కుకుని తినడమే. వానలో అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం కొన్న బెండకాయల కూర ఆంటీ చేత వండించుకుని అలాగే తిన్నాం.

ఆగస్టు 23, శనివారం: కంద మొక్క, నార్వే రేవు, దివార్ జెండాలు

ఆ రోజు పోలాల అమావాస్య. హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే అత్తయ్యకి బెంగ పట్టుకుంది, పరాయి ఊళ్లో కంద మొక్క ఎక్కడ దొరుకుతుందని. పొద్దున్నే పెరట్లోకి వెళ్లి చూస్తే బావి పక్కన నడుమెత్తు కంద దుబ్బులు వరసగా ఉన్నాయి. అడగడానికి అత్తయ్యకి కొంకణి రాదు, ఆంటీకి తెలుగు రాదు. అత్తయ్య మొక్కని చూపించి దండం పెట్టింది. ఆంటీకి ఏం అర్థమైందో, లోపలికెళ్లి రాగి చెంబుతో నీళ్లూ, గుప్పెడు మందారాలూ తెచ్చిచ్చింది. తడి నేల మీద పీట వేసుకుని, మొక్కకి పసుపుకొమ్ము కట్టిన తోరం చుట్టి, గారెలకీ బూరెలకీ బదులు పోదేర్ తెచ్చిన రొట్టె, బెల్లం నైవేద్యం పెట్టి అత్తయ్య పూజ కానిచ్చింది. రెండో తోరం నలభై ఎనిమిదేళ్ల కొడుకు చేతికి కట్టింది. ఆంటీ దూరంగా నిలబడి చూసి, "నాకూ ముగ్గురు కొడుకులు, ముగ్గురూ లండన్‌లో," అని ఇంగ్లీషులో నాతో చెప్పింది. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే అత్తయ్య మిగిలిన దారంతో మూడు ముళ్లేసి ఆంటీ చేతిలో పెట్టింది.

పది దాటాక దివార్ దీవికి బయల్దేరాం. ఆగస్టు నాలుగో శనివారం అక్కడ మలార్ ఊళ్లో బోందెరా పండగ. పాత గోవా రేవు నుంచి వెళ్దామనుకుంటే ఫోను మమ్మల్ని బిచోలిమ్ వైపు తిప్పింది. సన్నటి దారి, రెండు పక్కలా నాచు పట్టిన ఎర్ర రాతి గోడలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఫెర్న్‌లు. దారి అడుగుదామంటే మనిషి లేడు. చివరికి గేటు బయట నిలబడి కేకేస్తే ఒక పెద్దాయన గొడుగేసుకుని వచ్చాడు. ఇక్కడ గేటు తీసుకుని లోపలికి నడిచేయకూడదు, బయటినుంచే పిలవాలి. "ఇది నార్వే. ఈ రేవు దాటినా దివారే. దాటేముందు దేవుణ్ణి చూసి వెళ్లండి," అన్నాడు.

అలా చేరాం సప్తకోటేశ్వర ఆలయానికి. కదంబ రాజుల కులదైవం ఈ శివుడు. అసలు గుడి ఏటి అవతల దివార్ మీదే ఉండేది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని కూల్చేస్తే, భక్తులు లింగాన్ని దాచి ఏరు దాటించి ఇక్కడికి తెచ్చారు. 1668లో ఛత్రపతి శివాజీ గుడి కట్టించాడు. ఆ మధ్య బాగుచేయించారు, 2023లో మళ్లీ తెరిచారు. గుడి చిన్నదే. పెంకుల కప్పు, మెట్లకి ముందు దీపస్తంభం, లోపల చల్లటి నాపరాళ్లు. మేం తప్ప ఇంకెవరూ లేరు. అమావాస్య పూట శివుడి దర్శనం దక్కింది కాబట్టి ఫోను తప్పుదారి పట్టించినందుకు అత్తయ్య దానికే పుణ్యం కట్టబెట్టింది. నాకు మాత్రం ఒకటే తట్టింది. దేవుడు పారిపోయి వచ్చిన దారినే మేం ఎదురెళ్లబోతున్నాం.

రేవులో పంటు సిద్ధంగా ఉంది. మా కోటిపల్లి రేవులో పంటులాంటిదే, ముందు ఇనప పలక దించితే కార్లూ స్కూటర్లూ ఎక్కేస్తాయి. నడిచి ఎక్కేవాళ్లకి టికెట్టు లేదు. కారు ఈవలే వదిలేసి ఎక్కాం. పండగ జనం కాబట్టి అవతలి ఒడ్డున ఒక చేపల వ్యాను అతను మమ్మల్ని వెనక ఎక్కించుకుని మలార్‌లో దింపాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు.

బోందెరా అంటే జెండాల పండగ. పోర్చుగీసు కాలంలో ఊళ్లో వాడవాడకీ పొలం గట్ల తగాదాలు వచ్చేవట. సర్కారు హద్దులకి జెండాలు పాతితే, జనం రాళ్లేసి వాటిని పడగొట్టేవారట. ఆ గొడవే ఇప్పుడు సంబరమైంది. వాడకో రంగు జెండా, వాడకో బండి, వెనక బ్యాండు మేళం. కుర్రాళ్ల చేతుల్లో ఫోతాశ్ అనే వెదురు తుపాకులు. ఒకణ్ణి అడిగి చూశాను. జానెడు వెదురు గొట్టం, దానికి సరిపడా కర్ర. రెండు చివరలా పచ్చి అడవికాయ కూరి, కర్రతో ఒక్క తోపు తోస్తే ముందుకాయ టప్పున పేలి బయటికెళ్తుంది. గాలి బిగుసుకోవాలి, అందుకే కాయ గట్టిగా పట్టాలట. వివరంగా చెప్పి, మా ఆయన వీపు మీదే పేల్చి చూపించాడు. చుర్రుమంది గానీ నవ్వేశాడు.

సాయంత్రానికి జనం పోటెత్తారు. బయటి నుంచి వచ్చిన కుర్రకారు తాగి చేసే గోల ఊరివాళ్లకే నచ్చడం లేదని మొహాల్లో తెలుస్తోంది. పండగ చూడాలంటే మధ్యాహ్నం రెండింటికే చేరి, ఆరింటికల్లా రేవుకి వచ్చేయడం మేలు. చీకటి పడ్డాక పంటు కోసం వరస చాంతాడంత ఉంటుంది.

ఆగస్టు 24, ఆదివారం: ఆల్డోనా

ఎక్కడికీ వెళ్లలేదు. నా వంతు రోజు ఇది.

పొద్దున ఏటి ఒడ్డున ఉన్న సెయింట్ థామస్ చర్చి గంటలు. 1596 నాటి చర్చి. ప్రార్థన అయ్యాక ఊరంతా గొడుగులతో మెట్ల మీద నిలబడి కబుర్లు. శ్రావణం ముగిసింది కాబట్టి చేపలావిడ ఇంటికే వచ్చింది. కానాగంతలు ఆరు 150. చేపకి తల కదిపి బేరమాడాలని ఆంటీ చెప్పింది, మెడ వాలిపోతే నిన్నటివని.

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చున్నాను. ఎండుమిరప, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, చింతపండు, చిటికెడు పంచదార. వీటిని నీళ్లతో కాదు, కొబ్బరి కల్లు వెనిగర్‌తో రుబ్బుతుంది. అదే రేషాద్ మసాలా. సీసాలో పెడితే నెలలు నిలవుంటుందట. చేపని మనలా పొట్ట దగ్గర కోయదు. వీపున ముల్లుకి అటూ ఇటూ రెండు గాట్లు, వేలు దూరేంత లోతుగా. ఆ రెండు జేబుల్లో మసాలా కూరి, పెనం మీద నూనెలో వేస్తుంది. పక్కన ఎర్ర ఉప్పుడు బియ్యం అన్నం, కోకం చారు. మా ఆయన శుక్రవారం నుంచి ఓపిక పట్టినదంతా ఆ పూట తీర్చుకున్నాడు. చేప ముట్టని అత్తయ్య కూడా మసాలా మాత్రం వాసన చూసి, "వంకాయలో కూరితే?" అంది. రాత్రికి ఆంటీ వంకాయల్లో కూరి వేయించింది. చేపకంటే అదే బాగుందని నా లెక్క. మా ఆయన ఒప్పుకోడు.

సాయంత్రం వాన వెలిస్తే ఏటి గట్టు మీద నడిచాం. ఈ పొలాలు ఖజాన్ భూములు. ఒకప్పుడు ఉప్పునీటి బాడవ. మట్టి గట్లు కట్టి, తూములకి చెక్క తలుపులు పెట్టి సముద్రపు పోటుని ఆపుకున్నారు. పోటు వస్తే ఆ తోపుకే తలుపు మూసుకుంటుంది, ఆటు వస్తే లోపలి నీళ్లు తోసుకుని తెరుచుకుంటుంది. మనిషి కాపలా అక్కర్లేదు. తూము దగ్గర వలేస్తే చేపలూ రొయ్యలూ. ఉప్పుకి తట్టుకునే కోర్గుట్ అనే వడ్లు ఈ పొలాల్లోనే పండిస్తారు. కోనసీమలో చవుడు దేలిన పొలాలు చూసినదాన్ని, ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అయితే మేం నడిచిన గట్టు ఒకచోట గండి పడి ఉంది, లోపలి మడులన్నీ బీడు. పొలం చేసేవాళ్లు ఏరి?

ఆగస్టు 25, సోమవారం: ఫోండా

గుళ్ల రోజు. మంగేశి, కవళెలో శాంతాదుర్గ. రెండూ వలస వచ్చిన దేవుళ్లే. మంగేశుడి లింగాన్ని 1560లో కుశస్థలి నుంచి జువారీ ఏరు దాటించి ఫోండా వైపు ప్రియోళ్ ఊరికి తీసుకొచ్చారు. అప్పటికి ఫోండా పోర్చుగీసుల చేతిలో లేదు. అందుకే గోవాలో పెద్ద గుళ్లు ఇటువైపే గుంపుగా ఉంటాయి. మంగేశిలో ఏడంతస్తుల తెల్లటి దీపస్తంభం. సోమవారం కాబట్టి రాత్రి పల్లకీ సేవ కూడా ఉంటుంది, మేం ఆగలేకపోయాం. శాంతాదుర్గ శివకేశవులు పోట్లాడుకుంటే మధ్యలో నిలబడి సర్దిచెప్పిన తల్లి. "అత్తాకోడళ్లకి కూడా చూస్తుందేమో," అని మా ఆయన గొణిగాడు. ఇద్దరం వినిపించుకోలేదు.

ఫోండా బజారులో ఆ రోజు కాలు పెట్టే చోటు లేదు. అంతా మాటోళి సంత. గణపతి విగ్రహం పైన చెక్క చట్రం కట్టి కాయలూ పళ్లూ వేలాడదీస్తారు. అచ్చం మన పాలవెల్లే, కాకపోతే మన పాలవెల్లికి పెద్దన్న. పోక గెలలు, కొబ్బరి గెలలు, దోసకాయలు, పనస, అడవి నుంచి తెచ్చిన పేరు తెలియని గుత్తులు బోలెడు. ఎవరి మాటోళిలో ఎక్కువ రకాలుంటే వాళ్లకి సర్కారు పోటీలో బహుమతి కూడా ఇస్తుంది. గుండ్రంగా, కాషాయం కలిసిన ఎరుపులో మెరుస్తున్న కాయ ఒకటి అత్తయ్య కంట పడింది. కవండళ్ అట. నాలుగు కాయలు 50 అంది అమ్మే ఆవిడ. ఇరవైకి అడిగి అత్తయ్య వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసింది. వెనక్కి పిలవలేదు. గోవాలో ఆ ఎత్తు పారదు. తిరిగొచ్చి 50 ఇచ్చే కొన్నాం. "దేవుడికే. నోట్లో పెట్టకండి," అని ఆవిడ రెండుసార్లు చెప్పి మరీ కట్టిచ్చింది.

ఆగస్టు 26, మంగళవారం: చాందోర్

ఆంటీ దగ్గర సెలవు తీసుకుని, విమానం సాయంత్రం కాబట్టి దక్షిణానికి వెళ్లాం. చాందోర్ ఒకప్పటి చంద్రపురం. పంజిం, పాత గోవాల కంటే ముందు భోజుల రాజధాని. ఇప్పుడొక నిద్రముఖం ఊరు. చర్చి ఎదురుగా వీధి పొడవునా బ్రగాంజా వారి ఇల్లు, అన్నదమ్ముల వాటాల్లా రెండుగా చీలి ఉంది. గోవాలో తొలి పోర్చుగీసు దినపత్రిక 'ఓ హెరాల్డో'ని 1900లో మొదలుపెట్టినవారిలో ఒకరైన లూయిస్ ద మెనేజెస్ బ్రగాంజా ఇల్లు ఇది. వలస పాలనని అదే భాషలో ఎండగట్టిన పత్రికా రచయిత. టికెట్టు లేదు, విరాళం. మనిషికి 200 ఇచ్చాం. నాట్యశాలలో పాలరాతి నేల, నీలం పువ్వుల రేకు కప్పు, కప్పు నుంచి షాండిలియర్లు. వాటి కింద చూరు నీటికి ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు పెట్టారు. రెండు వాటాల్లోనూ ఎవరి గొడవ వారిదే. అటు చూపించినవి ఇటు అడగకూడదు. అద్దె కారు ఇచ్చిన కుర్రాడు మాత్రం అప్పగించేటప్పుడు, మేం ఎక్కేముందే ఫొటో తీసుకున్న గీతకి 1,500 అడిగాడు. ఫొటో చూపించాక నోరు మెదపలేదు. మీరూ తీసుకోండి.

ఖర్చులో గదికి, రోజుకి 1,300 చొప్పున కారుకి, పెట్రోలుకి పోను తిండికి పోయింది తక్కువే. సముద్రం కోసమే వెళ్లేవాళ్లు నవంబరు దాకా ఆగండి, ఈ ఊళ్లు అప్పుడూ ఉంటాయి గానీ ఈ పచ్చదనం ఉండదు, ఈ ధరలూ ఉండవు.

బుధవారం పొద్దున మా పాలవెల్లికి వెలగపండు, మొక్కజొన్న పొత్తుల మధ్య కవండళ్ కాయలు కట్టాం. పక్క ఫ్లాటు పిల్లాడు ప్రసాదానికొచ్చి అది తినొచ్చా అని అడిగాడు. అత్తయ్య వాడి చేతిలో ఉండ్రాళ్లు పెట్టి, ఆ కాయల్ని ఇంకో జానెడు పైకి కట్టించింది.